గుల్ల మీద గీత

సుర్‌కమర్
1995 ఫిబ్రవరి 20

జర్వలీ అన్నయ్యకు షింకై సలాములు.

ఉపవాసాలు సగం దాటాయి. ఇంట్లో అందరం బాగున్నాం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పి తగ్గలేదు కానీ నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది.

మీ బావకు హంగూలో పని దొరికింది. పళ్ల గోదాముకు కాపలా. ఆ యజమాని పిస్తోలు ఇవ్వడు, తూటాలు మాత్రం ఇస్తాడు. ఆయనిచ్చేవి నైన్ ఎంఎం. మా మామగారు, ఊరందరి బాబా, వదిలిపోయిన పిస్తోలేమో ముప్పై బోరు. గొట్టం కొలత వేరు, ఆ తూటాలు దీనిలోకి ఎక్కవు. ఈద్ దాటగానే పనిలో చేరాలి.

దారులు రెండున్నాయని హంగూలో ఎవరో చెప్పారట. ఈ పిస్తోలుకే బోరు మార్పించడం ఒకటి, నైన్ ఎంఎంది ఇంకోటి కొనడం ఒకటి. మీ బావ తేల్చుకోలేక నన్ను ఉత్తరం రాయమన్నాడు. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను: "జర్వలీని అడుగు. దర్రా తుపాకుల బజారులో పదిహేనేళ్లుగా ఇనుముతో కాపురం చేస్తున్నాడు. వాడు ఏది చేయమంటే అదే చేస్తాను."

ఆ పిస్తోలు సంగతి నీకు తెలుసు. గొట్టం లోపల ఎక్కడో చిన్న గాటుంది. పేల్చిన ప్రతి తూటా ఖాళీ గుల్ల పక్కన సన్నటి గీతతో బయటికి వస్తుంది. పెళ్లిళ్లలో గుల్లలు ఏరుకునే వాళ్లు ఆ గీత చూసి ఇది బాబాది అని పక్కన పెట్టుకునేవాళ్లు. ఆయన పోయి నాలుగేళ్లయినా మా ఊళ్లో ఆ గీత తెలియని వాళ్లు లేరు.

ఆలోచించి రాయి. నువ్వు రాసింది నేను చదివి వినిపిస్తాను.

నీ చెల్లెలు
షింకై


దర్రా బజారు
మార్చి 2

షింకైకి, బావకు సలాములు.

రేపు ఈద్ అంటున్నారు. బజారు సగం మూసేశారు, అందుకే రాయడానికి తీరిక దొరికింది.

బావ అడిగినదానికి సూటిగా చెబుతున్నాను. బోరు మార్చడం మాకు కొత్త కాదు. గొట్టం మార్చాలి, మ్యాగజైన్ సర్దాలి, మిగతాది చేతి పని. వారంలో చేసిస్తాను. కానీ ఆ పిస్తోలును పొడుగాటి తూటా కోసం చేశారు. నైన్ ఎంఎం పొట్టిది, లావుది. మార్చిన పిస్తోలు పదిసార్లు సరిగ్గా పేలుతుంది, పదకొండోసారి నోట్లో తూటా పెట్టుకుని ఊరుకుంటుంది. సరదాకు పేల్చేవాడికైతే పర్వాలేదు. కాపలా కాసేవాడికి ఆ పదకొండోసారే ముఖ్యం.

అందుకని నా మాట ఒకటే. బాబా పిస్తోలును బాబా పిస్తోలులాగే ఉండనివ్వండి. నైన్ ఎంఎంది ఇంకోటి కొనండి. నేనే చేసిస్తాను. ధరలో పెద్ద తేడా పడదు, బావ దగ్గర నేను లాభం చూసుకోను. మార్చమంటే మారుస్తాను, నాకు రెండూ పనులే. కానీ అడిగారు కనుక చెబుతున్నాను: కొనండి.

నాన్న నిన్ను చదివించినందుకు ఊరంతా నవ్వింది గుర్తుందా? ఇప్పుడు మీ ఇంట్లో ఉత్తరం చదవగలిగేది నువ్వొక్కదానివే. అందరికీ అర్థమయ్యేలా చదివి చెప్పు.

జర్వలీ


సుర్‌కమర్
మార్చి 14

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. మీ బావకు చదివి వినిపించాను. ఆయన బోరు మార్పించడానికే నిర్ణయించుకున్నాడు. ఆదివారం బస్సుకు బయలుదేరతాడు, పిస్తోలు ఆయన దగ్గరే ఉంటుంది.

వచ్చినప్పుడు పని చేసి పంపించు. ఉత్తరంలో రాసిన మాటలు మళ్లీ తవ్వకు.

అక్రోట్లు పంపుతున్నాను. నాలుగు పుచ్చువి ఉంటాయి, అత్తగారు ఏరిన సంచి అది.

షింకై


దర్రా బజారు
ఏప్రిల్ 1

(బావకు చదివి వినిపించాల్సిన కాగితం)

బావకు సలాములు. ఇంటికి క్షేమంగా చేరారని బస్సు డ్రైవరు చెప్పాడు. వెనక వాగులో మనం పేల్చిన పన్నెండింటిలో ఒకటి ఇరుక్కుంది కదా, అది ఎప్పుడైనా మళ్లీ జరగొచ్చు. నెలకోసారి నూనె పెట్టండి. యజమాని తూటాలను ఎండలో ఉంచకండి. మీరు కోరినట్టు బాబా పిస్తోలు నంబరు, 4417, కొత్త గొట్టం మీద కూడా కొట్టాను. నేను కొట్టానని నాకే తెలియనంత బాగా వచ్చింది.

(నీకు మాత్రమే)

షింకై, బావ దుకాణంలోకి వస్తూనే, "ఏం ఉస్తాద్, మార్చడమే మంచిదని రాశావుగా, ఇదిగో తెచ్చాను," అన్నాడు.

నేను చేతిలోని ఆకురాయి కింద పెట్టాను. "నేనా రాసింది?"

"మరి నీ చెల్లెలు చదివింది. కొత్తది కొంటే డబ్బు దండగ, పాత ఉక్కు లాంటి ఉక్కు ఇప్పుడు దొరకదు, మార్పించుకో అన్నావట."

నా ముందు ఇద్దరు పనివాళ్లున్నారు. బావ ముఖంలో ఏ అనుమానమూ లేదు. "అవును, రాశాను," అన్నాను. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఇంకో మాట. నంబరు విషయంలో నేను వద్దన్నాను. కొత్త గొట్టానికి కొత్త నంబరు కొడదామన్నాను. బావ ఒప్పుకోలేదు. "నంబరు లేకపోతే ఇది మా బాబాది ఎట్లా అవుతుంది? అన్నీ మార్చి పేరు కూడా మారుస్తావా?" అన్నాడు. కొట్టాను. పాత గొట్టం మీద నంబరు అలాగే ఉంది.

నువ్వు ఎందుకు అలా చదివావో చెప్పు. నేను ఎవరికీ చెప్పను.

జర్వలీ


సుర్‌కమర్
జూన్ 18

అన్నయ్యకు,

రెండున్నర నెలలు నీకు జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియక.

నువ్వు కొనమన్నావు. కొంటే మా ఇంట్లో రెండుంటాయి. ఒకటి మీ బావ నడుముకు వేసుకుని హంగూ వెళ్తాడు. రెండోది పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె తాళం అత్తగారి దగ్గర. అత్తగారు నా మరిది అజబ్ నూర్ అడిగితే ప్రాణమైనా ఇస్తుంది, తాళం ఎంత? అజబ్ నూర్‌కు ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లల తండ్రి. కోపం మాత్రం ఇంకా పాలు తాగుతోంది. కొండవాలు గడ్డి దగ్గర పై ఊరి హమేష్ గుల్‌తో రెండేళ్లుగా గొడవ. పోయినేడు గొడ్డలి పట్టుకుని వెళ్తే నలుగురు పట్టుకుని ఆపారు. గొడ్డలికి దగ్గరికి వెళ్లాలి కనుక ఆపగలిగారు.

ఇంట్లో ఒకటే ఉండాలి, అది మీ బావతో పాటు ఇల్లు దాటాలి. అందుకని అలా చదివాను. ఆయనకు చదువు రాదు, నువ్వు ఏది చెబితే అది చేస్తానన్నాడు. నీ నోట్లో నా మాట పెట్టాను. క్షమించు.

మొన్న పక్కింటి పెళ్లిలో అందరూ పేలిస్తే మీ బావ పేల్చలేదు. "ఏమోయ్ మెహర్‌దిల్, బాబా పిస్తోలు గొంతు పోయిందా?" అని అడిగారు. పని మీద ఉంటే పేల్చకూడదని ఏదో చెప్పాడు. బోరు మార్పించానని చెప్పడానికి ఆయనకు సిగ్గు. తండ్రి పిస్తోలును కోయించాడంటారని. ఇంట్లోవాళ్లకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఆ పెళ్లి చావిడిలోనే హమేష్ గుల్ అజబ్ నూర్‌ను అన్నాడట: "మీ బాబా పిస్తోలు మీ అన్న చేతికి, పార నీ చేతికి. సరిగ్గానే పంచాడు ముసలాయన." అందరూ నవ్వారు. అజబ్ నూర్ కూడా నవ్వాడని చెప్పారు. నాకు ఆ నవ్వే నచ్చలేదు. తర్వాత మూడు రోజులు ఇంట్లో లేడు.

రెండు విషయాలు అడుగుతున్నాను. అజబ్ నూర్ దర్రా వచ్చాడా? పాత గొట్టం ఏం చేశావు?

షింకై


దర్రా బజారు
జూలై 5

షింకైకి,

నువ్వు చేసింది తప్పో ఒప్పో నేను చెప్పలేను. నేనైతే ఉత్తరాన్ని ఉన్నది ఉన్నట్టు చదివేవాణ్ని. కానీ నేను ఆ ఇంట్లో లేను.

పాత గొట్టం ఇప్పుడు నా దగ్గర లేదు. పాత ఇనుము ఈ బజారులో ఎన్నాళ్లు ఆగుతుంది? తీసేసిన భాగం పనివాడిదే అన్నది ఇక్కడి పద్ధతి, బావకు కూడా ముందే చెప్పాను.

ఎండలు మండిపోతున్నాయి. కొలిమి దగ్గర మధ్యాహ్నం రెండు గంటలు పని ఆపేస్తున్నాం. అత్తగారి మోకాళ్లకు ఇక్కడ ఒక నూనె దొరుకుతుంది, డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను.

జర్వలీ


సుర్‌కమర్
సెప్టెంబర్ 12

అన్నయ్యకు,

పోయిన సోమవారం, అంటే నాలుగో తేదీ మధ్యాహ్నం, పిండిమర దగ్గర హమేష్ గుల్‌ను ఎవరో కాల్చి చంపారు. మూడు గుండ్లు తగిలాయి. మర ఆడించేవాడు లోపల ఉన్నాడు, రాళ్ల చప్పుడులో ఆలస్యంగా విన్నాడు. బయటికి వచ్చేసరికి మనిషి లేడు. మూడు గుల్లలు దొరికాయి. ముప్పై బోరు. మూడింటి పక్కనా గీత ఉంది.

సాయంత్రానికి పై ఊరి మగవాళ్లు మా గుమ్మం ముందుకు వచ్చారు. మీ బావ రెండు రోజుల సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం ఒక్కడే కొండ మీద కట్టెలు కొడుతున్నాడు. చూసినవాళ్లు లేరు. పిస్తోలు తీసి తెగ పెద్ద మాలిక్ జరీన్ షా చేతిలో పెట్టాడు. ఇది నైన్ ఎంఎం, ఆ గుల్లలు దీనివి కావు అన్నాడు.

మాలిక్ తిప్పి చూసి నంబరు చదివించాడు. "ఇది మీ బాబా పిస్తోలే కదా?"

"అదే. గొట్టం మార్పించాను."

"ఎప్పుడు?"

"ఈద్ తర్వాత."

"మాకెవరికీ చెప్పలేదే?"

"సిగ్గేసింది."

ఆ మాటకు ఎవరో నవ్వారు. హమేష్ గుల్ వాళ్ల అన్న నవ్వలేదు. "సిగ్గు కాదు, తొందర," అన్నాడు. "మధ్యాహ్నం చంపి సాయంత్రానికి గొట్టం మార్చావు. మీ ఆవిడ అన్న దర్రాలో ఉన్నాడని మాకు తెలియదా?"

నేను తలుపు వెనక నిలబడి ఇదంతా విన్నాను.

పెద్దల పంచాయితీ, జిర్గా, కూర్చుంది. రాయి పెట్టారు. రాయి ఉన్నంతకాలం ఎవరి మీద ఎవరూ చెయ్యెత్తకూడదు. నష్టపరిహారంతో తేల్చుకోవచ్చేమోనని పెద్దలు రెండు వైపులా తిరుగుతున్నారు. ఇవ్వడానికి పై పొలం ఉంది.

అజబ్ నూర్ ఆగస్టు ముప్పై ఒకటిన అందరి ముందు కరాచీ బస్సెక్కాడు, ఫ్యాక్టరీలో పని అని. కనుక అతని పేరు ఎవరూ ఎత్తలేదు. మీ బావ కూడా ఎత్తలేదు. కానీ గుల్లను చేతిలోకి తీసుకుని గీత మీద గోరు పెట్టి చూశాడు.

జూన్‌లో నేను రెండు ప్రశ్నలు అడిగాను. నువ్వు ఒకదానికే జవాబిచ్చావు. అప్పుడే గమనించాను, మళ్లీ అడగడానికి భయపడ్డాను. ఇప్పుడు అడుగుతున్నాను.

షింకై


దర్రా బజారు
సెప్టెంబర్ 17

షింకైకి,

వచ్చాడు. జూన్ పదకొండున. ఒక పొట్టేలును తోలుకుని వచ్చాడు. పొట్టేలుతో వచ్చినవాణ్ని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడలేం కదా.

అన్నం తిన్నాక అడిగాడు. "జర్వలీ బావా, అన్న పిస్తోలు నుంచి తీసిన గొట్టం ఎక్కడ?"

"ఆ మూల ఉంది. ఎందుకు?"

"దానితో నాకొకటి చెయ్యి."

కుదరదన్నాను. అతను కోప్పడలేదు. వేలు పెట్టి బజారు చూపించాడు. "ఈ వీధిలో రెండు వందల దుకాణాలున్నాయి. నీ దగ్గర దొరక్కపోతే పక్కన కొంటాను. పిస్తోలు కోసం నీ దగ్గరికి రాలేదు. మా బాబా గొట్టం కోసం వచ్చాను. అన్నకు ఒళ్లు దక్కింది. నాకు గొంతు కూడా దక్కకూడదా?"

తీసేసిన భాగం పనివాడిదే. అది పద్ధతి. కానీ కొడుకు వచ్చి తండ్రి గొట్టం అడుగుతుంటే ఇది నా ఇనుము అనడానికి నోరు రాలేదు. ఎలాగూ పక్క దుకాణంలో కొంటాడు అని కూడా అనుకున్నాను. అది నిజమే. నిజం కాబట్టే ఆ మాట చాటున దాక్కోవడం తేలికైంది.

తొమ్మిది రోజుల్లో చేశాను, మళ్లీ వచ్చి తీసుకెళ్లాడు. గొట్టం మీద ఏ నంబరుంటే పిస్తోలు ఒంటి మీద అదే కొట్టడం మా చేతి అలవాటు. 4417 కొట్టాను. చేస్తున్నప్పుడు ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు.

నీ ఉత్తరం నేను ఆ పిస్తోలు ఇచ్చేసిన నాలుగో రోజున వచ్చింది. ఇంట్లో ఒకటే ఉండాలని నువ్వు రాసింది అప్పుడు చదివాను. మనిషిని పంపి వెనక్కి తెప్పించి ఉండాల్సింది. చేయలేదు. నూనె పంపాను.

ఈ ఉత్తరం బావకు చూపించు. మాలిక్‌కు చదివి వినిపించు. ఒంటి మీద నంబరు నేను కొట్టానని, గొట్టం నేనిచ్చానని ఇందులో ఉంది. ఈ బజారులో కొన్నవాడి పేరు బయటపెట్టిన పనివాడి దుకాణానికి తాళం వేస్తారు. వేస్తే వేయనీ.

జర్వలీ


సుర్‌కమర్
సెప్టెంబర్ 24

అన్నయ్యకు,

నీ ఉత్తరం మీ బావకు చదివాను. ఈసారి ఒక్క మాట మార్చలేదు. విని, "నాకు తెలుసు," అన్నాడు. గుల్ల చూసినప్పుడే తెలిసిందట.

"అయితే చెప్పు," అన్నాను.

"చెబితే ఏమవుతుంది? నాకు బదులు వాడు. వాడు దొరక్కపోతే మళ్లీ నేనే. చెప్పకపోతే పొలంతో పోతుందేమో."

"పొలం ఇస్తే నువ్వు చంపావని ఒప్పుకున్నట్టే కదా?"

"అంతే."

"చేయని పనికా?"

"మా బాబా గొట్టమే కదా చేసింది," అన్నాడు. ఇంక ఆయనతో ఏం మాట్లాడను?

మర్నాడు గోధుమల గాదె తుడుస్తుంటే అడుగున గుడ్డలో చుట్టిన పిస్తోలు దొరికింది. 4417. కరాచీ బస్సెక్కినవాడు మధ్యలో దిగి వెనక్కి వచ్చి, పని ముగించి, దీన్ని ఇక్కడ పెట్టి మళ్లీ పోయాడు. అత్తగారు చూసింది. నా చెయ్యి పట్టుకుంది. "ఒక కొడుకు పేరు చెప్పి ఇంకో కొడుకును కాపాడుకోమంటావా? నీకు కొడుకులు లేరు, నీకు తెలియదు," అంది. ఆమెను తోసేసి బయటికి వచ్చాను. పదకొండేళ్ల కాపురంలో అదే మొదటిసారి.

పిస్తోలునూ నీ ఉత్తరాన్నీ మాలిక్ ఇంటికి తీసుకెళ్లి ఆయన భార్య చేతిలో పెట్టాను. మీ బావకు చెప్పకుండా. చెబితే ఒప్పుకునేవాడు కాదు. జిర్గా అక్టోబర్ రెండున మళ్లీ కూర్చుంటుంది. నిన్ను రమ్మన్నారు. వచ్చి నీ నోటితో చెప్పు. నువ్వు చేసినవాడివి, నువ్వు చెబితే నమ్మరా?

షింకై


కోహాట్, బస్సు అడ్డా
అక్టోబర్ 3

షింకైకి,

నిన్ను చూడకుండా రావాల్సి వచ్చింది. సాయంత్రపు అసర్ నమాజు లోపు ఊరు దాటమన్నారు. మీ మిద్దె మీద నీలం చాదరు కనిపించింది. నువ్వే అనుకున్నాను.

నువ్వు అక్కడ లేవు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పదిహేడు మంది పెద్దలు చుట్టూ కూర్చున్నారు. చాప మీద రెండు పిస్తోళ్లు పక్కపక్కన పెట్టారు. మాలిక్ తన మనవడి ప్రాయపు లెక్కల పంతులుతో రెండు నంబర్లూ చదివించాడు. ఒకటే.

"వీటిలో మెహర్‌దిల్ తండ్రిది ఏది?" అని నన్ను అడిగాడు.

"దీని ఒళ్లు, దాని గొట్టం."

"అంటే రెండూనా?"

"రెండూ సగం సగం."

గొట్టం మార్చింది మార్చిలో అని చెప్పాను. పాత గొట్టంతో జూన్‌లో అజబ్ నూర్‌కు చేసిచ్చానని చెప్పాను. ఖురాన్ మీద ఒట్టు వేస్తానన్నాను.

మాలిక్ అన్నాడు: "చెల్లెలి మొగుడి కోసం నేనైనా వేస్తాను నాయనా. ఒట్టు పక్కన పెట్టు." తన నడుము నుంచి రివాల్వర్ తీసి నా ముందు పెట్టాడు. "ఇదేమిటో చెప్పు."

"వెబ్లీ మాదిరి. దర్రాది."

"దాని మీద ఏముంది?"

"ఇంగ్లండ్ కిరీటం."

"ఎవరు కొట్టారు?"

తిప్పి చూశాను. కిరీటం ఎడమ కొన కొంచెం వంగి ఉంది. ముద్ర కొట్టే నా పాత పోటు అలాగే పడేది. "నేనే," అన్నాను.

చుట్టూ నవ్వారు. మాలిక్ నవ్వలేదు. "దీన్ని మా మామ ఇంగ్లండుదని కొన్నాడు. ఇంగ్లండునే చేసిన చెయ్యి నీది. ఒక పాత గొట్టాన్ని చేయలేదా?"

"గీత నేను పెట్టింది కాదు. అది బాబా గొట్టంలోది."

"పెట్టగలవా?"

రివాల్వర్‌ను తిరిగి ఆయన ముందు పెట్టాను.

"అడుగుతున్నాను ఉస్తాద్. అలాంటి గీత నువ్వు పెట్టగలవా, లేవా?"

లేనని చెప్పి ఉండవచ్చు. ఆ వలయంలో కూర్చున్నవాళ్లలో సగం మంది నడుములకు దర్రా సరుకే ఉంది, లేనంటే ఎవరు నమ్ముతారు? "పెట్టగలను," అన్నాను.

అక్కడితో నా సాక్ష్యం అయిపోయింది.

హమేష్ గుల్ అన్న లేచి ఇలా చెప్పాడు. వీళ్లు హత్య చేశారు. ముందు గొట్టం మార్చారు, అది సరిపోలేదు. తర్వాత బావమరిదితో ఇంకో పిస్తోలు చేయించి, అదే నంబరు కొట్టించి, ఊళ్లో లేనివాడి మీదికి నెట్టారు. ఆడమనిషి చేత పంపించారు. పిస్తోలు ఒకటే అయితే క్షమించేవాణ్నేమో, రెండు తెచ్చి జిర్గానే మోసం చేయబోయారు.

బావను అడిగారు. "మీ తమ్ముడు చేశాడంటావా?"

"నేను చేయలేదు. అంతకంటే నాకు తెలియదు," అన్నాడు. నా వైపు చూడలేదు.

తీర్పు ఇది. పరిహారం మాట వెనక్కి తీసుకున్నారు. జిర్గాను మోసగించినందుకు రెండు పిస్తోళ్లూ హమేష్ గుల్ ఇంటికి జరిమానాగా వెళ్లాయి. రాయి పన్నెండో తేదీ సాయంత్రం వరకు ఉంటుంది. ఆ తర్వాత అది ఆ ఇంటికీ మీ ఇంటికీ మధ్య సంగతి. ఆలోపు బావ లోయ వదిలిపోవాలనుకుంటే ఎవరూ అడ్డుకోరు.

లేచేటప్పుడు బావ దగ్గరికి వెళ్లి నాతో దర్రా వచ్చేయమన్నాను. "చేయని పనికి ఊరు వదిలితే చేసినట్టే," అన్నాడు. "పైగా దర్రాలో ఏం చేయను? నాకు ఆకురాయి పట్టుకోవడం కూడా రాదు." నవ్వడానికి ప్రయత్నించాడు.

నువ్వు ఆయన్ను ఒప్పించు. బస్సు చార్జీలు డ్రైవరు చేతికి ఇచ్చాను. ఇద్దరూ రండి.

జర్వలీ


సుర్‌కమర్
అక్టోబర్ 16

అన్నయ్యకు,

ఆయన రాలేదు. తొమ్మిది రోజులు చెప్పి చూశాను. అత్తగారు కూడా వెళ్లమని కాళ్లు పట్టుకుంది. వెళ్లలేదు. గోడకు మట్టి మెత్తాడు, రెండు గంపల అక్రోట్లు దులిపాడు, గొడ్డలికి కొత్త పిడి వేశాడు.

గురువారం మధ్యాహ్నం నీ ఉత్తరాలన్నీ తెచ్చి మొదటి నుంచి చదవమన్నాడు. చదివాను. మార్చి రెండో తేదీది వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు చదివాను. బాబా పిస్తోలును బాబా పిస్తోలులాగే ఉండనివ్వండి. ఇంకోటి కొనండి.

"ఇది వేరే ఉత్తరమా?" అన్నాడు.

"అదే ఉత్తరం."

"అప్పుడు ఇలా లేదే."

"అప్పుడు నేను ఇలా చదవలేదు."

ఎందుకో చెప్పాను. ఇంట్లో ఒకటే ఉండాలనుకున్నానని చెప్పాను. చాలాసేపు అక్రోటు పెంకులు చేత్తో పక్కకు నెడుతూ కూర్చున్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"మంచి సలహాయే ఇచ్చాడు," అన్నాడు. "ఆ పిస్తోలు ఇరుక్కున్నప్పుడల్లా వాణ్ని ఊరికే తిట్టుకున్నాను." తర్వాత టీ అడిగాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

సాయంత్రం మాలిక్ మనిషి వచ్చి రాయి తీసేశాడు.

శుక్రవారం నమాజుకు వెళ్లాడు. మసీదు లోపల ఎవరూ ఏమీ చేయరు. తిరిగి వచ్చేటప్పుడు కాలువ మలుపు దగ్గర కాల్చారు. మూడు. నేను మిద్దె మీదే ఉన్నాను. మూడోదానికీ రెండోదానికీ మధ్య కొంచెం ఎడం వచ్చింది. పిస్తోలు ఇరుక్కుని ఉంటుందనుకున్నాను. ఆ సమయంలో అలాంటి ఆలోచన ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేను దిగి వెళ్లేసరికి ప్రాణం లేదు.

అజబ్ నూర్ నుంచి కబురు లేదు. అత్తగారు ఇప్పుడు మాట్లాడడం లేదు. నన్ను ఎక్కడికీ రమ్మనకు, నేను లేకపోతే ఆమెకు నీళ్లిచ్చేవాళ్లు లేరు.

పొరుగింటి ముసలమ్మ మలుపు దగ్గర గుల్లలు ఏరి తెచ్చి ఇచ్చింది. మూడూ నైన్ ఎంఎం. వాటిని మాలిక్‌కు పంపాను. మా పిస్తోలు ఏ ఇంటికి వెళ్లిందో ఆయనకు తెలుసు, అక్కడికి పంపింది ఆయనే. పెద్దలు వాటిని చేతుల్లోకి తీసుకుని వెలుగులో తిప్పి తిప్పి చూశారట. ఏ గీతా లేదు. నీ గొట్టం నున్నగా ఉంది. ఇవి ఎవరివైనా కావచ్చు అని తిరిగి పంపించారు.

షింకై